దేవకమ్మ గుర్తుపట్టిన గొంతు

తిరుపతి,
17 నవంబరు 2024, ఆదివారం.

ఇఫ్ఫత్‌కు,

మోహన నమస్కారాలు, సలాములు రెండూ అందుకో.

మనిషిని నమ్మొద్దని మనిషికి నేర్పడం ఒక ఉద్యోగం ఎలా అయింది? కంప్యూటర్ల భద్రత చూసే మన కంపెనీ కస్టమర్ సపోర్టులో చేరిన నాటి నుంచి ఈ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది. ఒకసారి నిన్నే అడిగాను కూడా. “అక్కా, నమ్మొద్దని చెప్పాలన్నా ముందు వాళ్ళు నిన్ను నమ్మాల కదా” అని నవ్వి హెడ్‌సెట్ పెట్టుకున్నావు. జవాబు చెప్పావో, తప్పించుకున్నావో అప్పుడూ అర్థం కాలేదు.

అమ్మగారికి నా ఆదాబ్ చెప్పు. అల్తాఫ్‌కు ఆశీస్సులు. నీ నంబరు మారిందట, కొత్తది ఎవరి దగ్గరా లేదు. అందుకే గూడూరులో మీ అన్న అల్తాఫ్ సెల్‌ఫోన్ షాపు చిరునామాకు రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమమే. అలా రాయాలి కాబట్టి రాశాను కానీ, క్షేమంగా ఉన్న మనిషి స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయి, మాడిన గిన్నెను అలాగే వదిలేసి ఉత్తరం రాయడానికి కూర్చోదు.

ఆఫీసు కొర్లగుంట సందులోనే ఉంది. మన మేనేజరు యోగానందగారు ఇప్పటికీ గోడ గడియారం చూస్తూ “కాల్ ముగించండమ్మా, కాల్ ముగించండి” అంటూనే ఉన్నారు. నువ్వేమో అవతలి వాళ్ళ ఆవు ఈనిందో లేదో కనుక్కునేదాకా ఫోన్ పెట్టేదానివి కాదు. ఆ మాట మీదే కదా మానేసి వెళ్ళిపోయావు, నాకు ఒక ముక్క కూడా చెప్పకుండా. దాని గురించి ఈ ఉత్తరంలో పోట్లాడను.

మన కస్టమర్లు కూడా ఏమీ మారలేదు. మొన్న ఆయుధపూజకు చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు తాళం గుత్తులన్నీ తెచ్చి కంప్యూటర్ ముందు పెట్టి పూజ చేశారు. పాస్‌వర్డ్ కూడా తాళమేనని మనం చెప్పి ఉన్నాం కదా, దాన్ని తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాసి, నాలుగు మూలలా పసుపు రాసి, గుత్తుల పక్కన పెట్టారు. హారతి ఇస్తుండగా ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. నేను గొంతు చించుకుని ఫోన్ చేస్తే ఆ సూపర్‌వైజరు, “దేవుడి ముందర పెట్టిందాన్ని ఎవురు ముట్టుకుంటారు మేడం?” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాస్‌వర్డ్ మార్పించాను. కొత్తది ఏం పెట్టాడో ఆ ఫోన్లోనే నాకు వినిపించి, బాగుండాదా మేడం అని అడిగాడు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే అసలు సంగతికి రావడానికి చెయ్యి సాగడం లేదు.

పలమనేరు పిల్లల ఆసుపత్రి గుర్తుందా? గిరిప్రసాద్ డాక్టరు గారిది. అక్కడ చీట్లు రాసే దేవకమ్మ, నీకు సీతాఫలాలు బస్సులో వేసి పంపిన మనిషి. పోయిన మంగళవారం ఆమె కంప్యూటర్లో ఫైళ్ళన్నిటికీ ఎవరో దూరం నుంచే తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమన్నారు. ఏ బిడ్డకు ఏ టీకా పడిందో, ఏ మందు పడదో, ఒక్కటీ తెరుచుకోవడం లేదు. గురువారం నేనే వెళ్ళాను. అక్కడ అప్పుడే స్వెటర్లు బయటికి వచ్చేశాయి. వరండా నిండా తల్లులు, చంకల్లో బిడ్డలు, పోయినసారి ఏ సూది వేశారో మీరే కదా చెప్పాలని గొడవ.

బ్యాకప్ ఏదని అడిగాను. ఉందని పెన్ డ్రైవ్ చూపించింది. అది కంప్యూటర్‌కే గుచ్చి ఉంది, దానిలోవి కూడా పోయాయి. పని కాగానే తీసి దాచమన్నాను కదా అంటే, “తీసిపెడితే యాడన్నా పారేసుకుంటా మేడం, ఈడైతే కండ్ల ముందర ఉంటాది” అన్నది.

డాక్టరు గారు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. “ఎవరి వల్ల జరిగిందో కాగితం మీద రాసివ్వండి మేడం, మీ తప్పయితే మీతో మాట్లాడతా. మా వాళ్ళ తప్పయితే ఆ కాగితం అందిన మరుసటి రోజు నుంచి వాళ్ళు రారు” అన్నారు, దేవకమ్మ వింటుండగానే. ఆమె తలెత్తకుండా చీట్లు సర్దుతూ ఉంది. ఇన్నేళ్ళూ ఆ కుర్చీ ఒక్కటే చూసుకుంది. ఈ వయసులో ఇంకెవరూ పిలిచి పని ఇవ్వరు. కుర్చీతో పాటు ఊళ్ళో మాట కూడా పోతుంది.

తర్వాత నాతో చెప్పింది. కంప్యూటర్ నిదానంగా నడుస్తోంది కదా, సరిచేస్తామని ఫోన్ వచ్చిందట. “మీ ఆపీసు నుంచే అనింది. తెర మీద వచ్చే నంబర్లు చదవమనింది, చదివినా. ఎప్పుడూ మీరు అడిగేది అదే కదా మేడం?”

అదే అడుగుతాం, ఇఫ్ఫత్. ఇక్కడ కూర్చుని అక్కడి కంప్యూటర్‌లోకి వెళ్ళాలంటే ఆ నంబర్లే చెప్పమంటాం. భయపడకండి, నేను చెప్పినట్టు నొక్కండి అంటాం. ఫోన్లో మెత్తటి గొంతు ఏం చెబితే అది చెయ్యడం వాళ్ళకు అలవాటు చేసింది మనమే. ఆ తర్వాత వాళ్ళకు బుద్ధి లేదని మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర నవ్వుకునేదీ మనమే.

అయినా నాకు కోపం ఆగలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఎలా చెప్పారని అడిగాను. దానికి దేవకమ్మకే రోషం వచ్చింది. “తెలీని దానికి నేనెందుకు చెప్తా? అన్నీ అడిగినాకనే చెప్పినా. తిన్నావా అని అడిగినా. ఇప్పుడు యాడుండావని అడిగినా. మీ అమ్మకు ఎట్లుండాదని అడిగినా. అన్నిటికీ చక్కంగా బదులు చెప్పింది. దొంగదైతే వాళ్ళమ్మ సంగతి నాకెందుకు చెప్తాది?”

బస్సులో తిరిగి వస్తూ దీన్నే ఆలోచించాను. ఆమె పరీక్ష పెట్టకపోలేదు. తనకు తెలిసిన పరీక్ష పెట్టింది. తిన్నావా అంటే ఎవరైనా తిన్నాననే అంటారు, అమ్మకెలా ఉందంటే పర్వాలేదనే అంటారు. ఈ చిన్న సంగతి ఆమెకు ఎలా చెప్పాలి? చెబితే రేపటి నుంచి పలకరింపులన్నీ ఆమెకు దొంగల మాటల్లా వినిపించవా? వినిపించాలనే కదా నాకు జీతం ఇస్తున్నది?

ఫోన్ చేసిన మనిషి పేరు మాత్రం చెప్పలేదు. “అడగొద్దు మేడం. జలుబు చేసి గొంతు కూడా సరిగ్గా లేదు పాపం ఆ బిడ్డకు. దాని పేరు చెప్పి దాని కడుపు కొట్టల్నా?” అన్నది. తన కడుపు సంగతి గుర్తుచేస్తే, “అది నేను సూసుకుంటాలే” అన్నది.

బుధవారం నివేదిక ఇవ్వాలి. “కస్టమర్ అజాగ్రత్త అని రెండు ముక్కలు రాసి పారెయ్యమ్మా, దానికింత మథనం ఎందుకు?” అంటున్నారు యోగానందగారు. ఆ రెండు ముక్కలు రాస్తే గురువారం దేవకమ్మ ఇంట్లో ఉంటుంది. ఎవరో మన ఆఫీసు మనిషి పేరుతో ఆమెను నమ్మించారని, ఆ పేరుతో సహా రాస్తే తప్పు మన వైపు తిరుగుతుంది, ఆమె కుర్చీ నిలుస్తుంది. పేరు లేకుండా రాస్తే తప్పించుకోవడానికి ఆమె కల్పించిన కథ అంటారు. నేనయినా అలాగే అనేదాన్నేమో.

యూనివర్సిటీలో ఎంసీఏ చదివేటప్పుడు ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతికితే దొరికేది. ఏదో ఒక వరుసలో ఉండేది, దిద్దితే పోయేది. ఇక్కడ ఏ వరుస దిద్దాలో తెలియడం లేదు.

అమ్మగారి ఆరోగ్యం జాగ్రత్త.

నీ
మోహనక్క

తా.క. దేవకమ్మ పేరు చెప్పలేదని పైన రాశాను. చెప్పింది. నన్ను బస్సెక్కించడానికి వచ్చి, కిటికీ చువ్వలు పట్టుకుని, ఎవరితోనూ అననని మాట తీసుకుని చెప్పింది. అది నీ పేరు. నువ్వు మానేసిన సంగతి ఆమెకు తెలియదు. మీ అమ్మ మోకాళ్ళు ఎట్లుండాయని అడిగితే, “ఇప్పుడు పర్వాలేదత్తా” అన్నావట. అన్నదట. ముందుగా “ఇఫ్ఫతేనా?” అని తానే అడిగిందా, అవతలి మనిషే ఆ పేరు చెప్పిందా అని గుచ్చి గుచ్చి అడిగాను. గుర్తు లేదన్నది.

నువ్వు కాదనే నా నమ్మకం. కానీ దేవకమ్మ దగ్గర ఉన్నది కూడా అదే కదా. ఫోన్ చెయ్యమని రాయబోయి, ఒట్టి గొంతును నేను మాత్రం ఎలా నమ్మనని ఆగాను. ఈ ఉత్తరం రేపు కొరియర్‌లో వేస్తే మంగళవారానికి అందుతుంది. వీలైతే నువ్వే స్వయంగా రా. నీ పేరు రాస్తే పోలీసులు ముందుగా వచ్చేది అల్తాఫ్ షాపుకే. రాయకపోతే దేవకమ్మ పని పోతుంది. ఏం రాయాలో తేల్చుకోలేదు. ఈ ఉత్తరంలో నిన్ను హెచ్చరిస్తున్నానో, ప్రశ్నిస్తున్నానో, అదీ తేల్చుకోలేదు.