నీ పాట మీద వాడి పేరు

శ్రీమాన్ సంపత్ గారికి,

మంచిర్యాల మొత్తానికి ఏకైక ఎలక్ట్రానిక్ సోల్ పాటల గాయకుడివి కాబట్టి గౌరవంగానే మొదలుపెట్టాను. ఇవాళ మీ ఇంట్లో నీ సంవత్సరీకం భోజనం చేస్తుంటే వీధిలోకి పెళ్లి బరాత్ వచ్చింది. డీజే బండి మీద నీ పాట! ల్యాప్‌టాప్ ముందు ఒక్కడివే కూర్చుని నెలల తరబడి చెక్కిన ఆ మెల్లని పాటని ఆ డీజేవాడు పరుగెత్తించాడు. నువ్వు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా తన పేరు అరిపించుకున్నాడు.

ఎంగిలి చేత్తోనే ఉరికాను.

"అన్నా, గీ పాట ఎవలిదో ఎర్కేనా?"

"నాదే తమ్మీ. పేరు ఇనవడ్తలేదా?"

వైరు పీకేశాను. పెళ్లివారు సకల మర్యాదలతో నా కాలరు పట్టుకున్నారు. ఇంతలో మీ అవ్వ గుమ్మంలోకి వచ్చింది.

"పెట్టు బిడ్డా. నా కొడుకు గొంతు ఇనవడ్తుండె."

అదే ఎంగిలి చేత్తో వైరు మళ్లీ పెట్టాను. "గొంతుంటే సాలదారా, పేరెందుకు" అనేవాడివి కదా, మహానుభావా! ఒక్కసారి నీ పేరు పెట్టుకుంటే ఏం పోయేదిరా?

వాడి పేరు మోగినప్పుడల్లా మీ అవ్వ చెవి ఇంకాస్త ముందుకు పెట్టింది. దాని వెనకాలే నువ్వొస్తావని అప్పటికే కనిపెట్టేసింది.