రోమ్ వేషం

శ్రీనగర్ కాలనీ,
హైదరాబాద్.
2025 సెప్టెంబరు 14, ఆదివారం.

మహారాజశ్రీ నటరత్న జోజి గారి సముఖానికి,

బసవపున్నయ్య వంగి నమస్కారం చేసి రాసుకుంటున్నది ఏమనగా –

మేమిక్కడ క్షేమం అని రాయడం మర్యాద. నేను రాయను. నాకు బీపీ పెరిగింది, లీల కూరల్లో ఉప్పు వెయ్యడం మానేసింది, అన్నం తింటుంటే గడ్డి నమిలినట్టుంది. మీరక్కడ క్షేమమా అని అడగడం కూడా మర్యాదే. అదీ అడగను. రోమ్ వెళ్ళేవాళ్ళ ఇంట్లో క్షేమం కాక ఇంకేముంటుంది?

ఒరేయ్ జోజీ, పైన 'గారు' అని పెట్టానని కంగారు పడకు. కోపమొస్తే నాకు మర్యాద ముంచుకొస్తుందని నీకు తెలుసు. ఫోన్ చెయ్యొచ్చుగా, ఈ కాగితాలేమిటి అనుకుంటున్నావేమో. ముందు కాగితం మీద రాసింది నువ్వే. నేను ఫోన్ ఎత్తడం లేదని షేక్‌పేట నుంచి మీ ఆవిడ రెజీనమ్మ చేత ఉత్తరం పంపించావు. లీల తలుపు ఓరగా తీసి, ఆయన పడుకున్నారని చెప్పి, కవరు పుచ్చుకుని తలుపేసింది. నేను పడుకోలేదు. హాల్లో కుర్చీలోనే ఉన్నాను. రెజీనమ్మ మెట్లు దిగుతున్న చప్పుడు కూడా విన్నాను.

నీ ఉత్తరంలో ఉన్నది ఒకటే ప్రశ్న. రోమ్‌లో తీసే ఆ సినిమాలో తండ్రి వేషం ముందు నా దగ్గరికి వచ్చిందా, నాకు రావాల్సినదాన్ని నువ్వు లాక్కున్నట్టయిందా అని అడిగావు. రేపు సోమవారం వీసా కోసం వేలిముద్రలు ఇవ్వడానికి వెళ్ళాలనీ, నేను ఔనంటే ఆ సినిమా మేనేజరు రవిచంద్రకి ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పుకుంటాననీ రాశావు. బసవను పోగొట్టుకుని రోమ్ చూడలేను అన్నావు. ఎంత బాగా రాశావురా! చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. నిన్ను తిట్టుకుందామంటే తిట్టుకునే వీలు కూడా లేకుండా రాశావు.

జవాబు చెబుతాను. ముందు నా కడుపులో ఉన్నది కక్కనీ.

అసలు రోమ్‌కీ నీకూ ఏమిట్రా సంబంధం? ఫిరంగిపురం చర్చి ముందు గుడ్ ఫ్రైడే నాటకం వేసినప్పుడు రోమన్ గవర్నరు పిలాతు ఎవరు? నేను! నరసరావుపేట నుంచి వచ్చిన హిందువుల కుర్రాణ్ణి, గొంతు బాగుందని మీ ఫాదరుగారే పిలిచి ఆ వేషం ఇచ్చారు. మా నాన్న పట్టుపంచె భుజాన వేసుకుని, తళుకు కాగితం కిరీటం పెట్టుకుని నేను సింహాసనం మీద కూర్చుంటే, ఈటె పట్టుకుని నా వెనకాల నిలబడ్డ సిపాయివి నువ్వు. నీకు ఒక్క డైలాగు కూడా లేదు. నాటకం అయ్యాక రంగు కడుక్కుంటూ, నిజం రోమ్ ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి బసవా అని నువ్వన్నావు. ఇద్దరం కలిసే పోదాంలేరా అని నేనన్నాను. ఇప్పుడు సిపాయి విమానం ఎక్కుతున్నాడు. గవర్నరు ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు.

ఫిల్మ్ నగర్‌లో తలెత్తుకుని తిరగలేకపోతున్నాను. మొన్న డబ్బింగ్ చెప్పడానికి వెళ్ళి టీ బండి దగ్గర ఆగితే, జంగయ్య గ్లాసు చేతికిస్తూ, ఏంది సార్, జోజి సార్ రోమ్ పోతుండంట గదా, మీరు గీడనే ఉన్నరేంది అని అడిగాడు. నాకు విమానం పడదయ్యా అన్నాను. అట్లనా సార్, జర అల్లం ఎక్కువేసిన, తాగుండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి అన్నాడు. నన్ను చూసి జంగయ్య జాలిపడే రోజు వచ్చింది. పార్కులో మన నడక బ్యాచ్ అయితే మరీను. రోమ్‌లో జోజికి సూట్లు కుట్టిస్తారటగా, హోటలు గదిలోంచి చర్చి గోపురం కనబడుతుందటగా అని నన్నే అడుగుతారు. నేనేదో నీ సెక్రటరీనైనట్టు! నేనూ ఊరుకోలేదు. జోజి నా నోటికాడి కూడు లాక్కున్నాడని ఇద్దరు ముగ్గురి దగ్గర అన్నాను. ఆ మాటే నీ చెవిన పడి ఉంటుంది. అనలేదంటే నమ్మవు కాబట్టి చెబుతున్నాను, అన్నాను.

మీ ఏర్పాట్ల సంగతి నాకు తెలియదనుకోకు. రెజీనమ్మ వాట్సాప్ స్టేటస్ నేను రోజూ చూస్తున్నాను. కొత్త పెట్టె, కొత్త బూట్లు, మంచం నిండా పరిచిన స్వెట్టర్లు. నీకు వేషమిచ్చినవాళ్ళు ఆవిణ్ణి సొంత ఖర్చు మీద తెచ్చుకోవచ్చన్నారటగా. ఈ జూబిలీ ఏడాదిలో అక్కడి పెద్ద చర్చికి తెరిచి ఉంచిన పవిత్ర ద్వారం గుండా తను నడుస్తానని, మళ్ళీ పాతికేళ్ళకి తెరిచేసరికి ఎవరం ఉంటామో ఏమోనని ఆవిడ పెట్టింది కూడా చదివాను. కింద లీల ఏమీ పెట్టలేదు. నేను పొరపాటున చెయ్యి తగిలి ఒక దండం బొమ్మ పంపాను. అది దీవెన అనుకోకు.

ఇన్ని కొన్నారు గదా, ఒక్కటీ తెలిసి కొన్నారా? అక్టోబరులో అక్కడ అంత చలి ఉండదు, ఆ స్వెట్టర్లలో సగం ఇంట్లో వదిలెయ్యండి. కొత్త బూట్లు అక్కడికి వెళ్ళి మొదటిసారి వేసుకోకు. వీధులన్నీ రాళ్ళు పరిచినవి, నీ మడమ నొప్పికి రెండో రోజుకే కుంటుతావు. ఇప్పటినుంచే వేసుకుని షేక్‌పేటలో తిరుగు. గోంగూర పచ్చడి సీసా చేతిసంచీలో పెట్టకు, విమానం ఎక్కేముందు తీసి అవతల పారేస్తారు. పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టు. పర్సు వెనక జేబులో పెట్టుకుంటే అది నీది కాదనుకో. ఇక ఆ పెద్ద ఫౌంటెన్ దగ్గర అందరూ వెనక్కి తిరిగి భుజం మీంచి నాణెం వేస్తారు. నువ్వు వెయ్యకు. వేసినవాళ్ళు మళ్ళీ రోమ్ వస్తారట. నీకు ఒక్కసారి చాలు.

ఇవన్నీ నాకెలా తెలుసంటావా? ఫోన్‌లో రోమ్ వీడియోలు చూసి చూసి కళ్ళు లాగుతున్నాయి. లీల వస్తే వార్తలు పెడతాను.

పోనీ, వేషమేమైనా గొప్పదా అంటే అదీ లేదు. హీరోయిన్ కుటుంబం యాత్రకి వెళ్తుంది, హీరో వెంటపడతాడు, తండ్రి అడ్డం పడతాడు. పాట మొదలవగానే నిన్ను ఒక పక్కకు నెట్టి, రెండు ఐస్‌క్రీములు చేతికిచ్చి నిలబెడతారు. అవి కరిగి మోచేతుల దాకా కారుతుంటే నువ్వు నవ్వుతూ ఉండాలి. మళ్ళీ టేక్ అంటే మళ్ళీ రెండు. అలా ఊహించుకున్నప్పుడు కాస్త హాయిగా ఉంటుంది. అంతలోనే, వాడి వెనకాల కనిపించేది రోమ్ కదా అని గుర్తొచ్చి మళ్ళీ కడుపు రగులుతుంది. నేనైతే ఆ ఐస్‌క్రీములు మోచేతుల దాకా కాదు, కాళ్ళ దాకా కారినా కదలకుండా నిలబడేవాణ్ణి.

ఇక లీల సంగతి. నీకు వేషం వచ్చిందని తెలిసిన రోజు తను దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, మనకెందుకు రాలేదండీ అని అడిగింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఫలానా ఊరు తీసుకెళ్ళమని ఆవిడ నన్ను ఎన్నడూ అడగలేదు. అరకులోనో ఊటీలోనో నాకు షూటింగ్ ఉంటే వెంట వచ్చేది గానీ, గదిలో కూర్చుని నా బట్టలు ఉతికి ఆరేసుకునేది. అలాంటి మనిషి ఆ మాట అడిగేసరికి, జోజి మధ్యలో దూరాడే అన్నాను. అంతే, ఆ రోజు నుంచి రెజీనమ్మతో మాటలు మానేసింది. గురువారం గురువారం ఇద్దరూ కలిసి ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్ళేవాళ్ళా? ఇప్పుడు ఒక్కతే వెళ్ళి, సంచులు మోయలేక మోసుకొస్తోంది. వాటిని గుమ్మంలో దించి, స్నేహితులంటే ఇంతేనండీ అంటుంది. నేను ఊ కొడతాను.

సరే, నీ ప్రశ్నకు జవాబు. ఔను. ఆ వేషం ముందు నా దగ్గరికే వచ్చింది. రవిచంద్ర మొదట ఫోన్ చేసింది నాకు, ఆ తరవాతే నీకు. కావాలంటే అతన్నే అడుగు. ఇక వెళ్తావో మానుకుంటావో నీ ఇష్టం. వెళ్ళమని నేను చెప్పను, మానెయ్యమనీ చెప్పను. ఇంతకు మించి నన్నేమీ అడగొద్దు.

ఇట్లు,
ఒకప్పుడు నీవాడు,
బసవపున్నయ్య

తా.క.: సంతకం పెట్టి, మడిచి, కవర్లో పెట్టాను. కాస్సేపు అటూ ఇటూ తిరిగి మళ్ళీ బయటికి తీశాను. పైన రాసింది అబద్ధం కాదు గానీ సగమేరా. ఆ సగం చదివితే నువ్వు రేపు వీసాకి వెళ్ళవు. నాకు తెలుసు. తెలిసే అక్కడ ఆపాను.

మిగతా సగం ఇది. రవిచంద్ర ఫోన్ చేసి, సర్, అక్టోబరులో రోమ్ షెడ్యూలు, హీరోయిన్ ఫాదర్ వేషం, డేట్స్ ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయా ఏమిటి, దసరా దాటాక నాకు ఒక్క రోజు పని లేదు. కానీ మన ఫీల్డులో అడగ్గానే ఖాళీ అన్నవాడు చులకనైపోతాడని ఎవరం ఆ మాట చెప్పం గదా. ఇన్నేళ్ళ అలవాటు, నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది. కష్టం బాబూ, రెండు సినిమాలు క్లాష్ అవుతున్నాయి, సాయంత్రం చెయ్యి, అడ్జస్ట్ చేస్తానేమో చూద్దాం అన్నాను. అంత టైమ్ లేదు సర్, వీసాలకి పేర్లు ఇప్పుడే పంపాలి, పోనీ ఇంకెవరైనా ఉన్నారా చెప్పండి అన్నాడు. అప్పుడైనా, ఆగు బాబూ, నేనే వస్తాను అనాల్సింది. అనలేదు. మా జోజి ఉన్నాడుగా, వాడెప్పుడూ ఖాళీయే అని నవ్వాను.

నీకు మేలు చేద్దామని కాదురా. నీకంటే నేను బిజీ అని చూపించుకోవడానికి అన్నాను. సాయంత్రం దాకా ఫోన్ పక్కనే కూర్చున్నాను. నేను చేస్తే లోకువైపోతానని చెయ్యలేదు. మోగగానే అతనే అనుకుని ఎత్తాను. నువ్వు. బసవా, నాకు రోమ్ వచ్చిందిరా అంటూ ఏడుస్తున్నావో నవ్వుతున్నావో తెలియలేదు. మాట్లాడకుండా పెట్టేశాను. ఆ తరవాత రవిచంద్రని కదిపితే, నువ్వేమన్నావో చెప్పాడు. ఖాళీయే బాబూ, ఎప్పుడు రమ్మంటారు అన్నావట. అంత చిన్న మాట నాకెందుకు రాలేదురా జోజీ?

నువ్వు లాక్కున్నది ఏమీ లేదు. రేపు పొద్దున్నే వెళ్ళి వేలిముద్రలు ఇచ్చిరా. పార్కులో నేనన్న మాట నేనే వెనక్కి తీసుకుంటాను, నవ్వితే నవ్వనీ. నాకు అసూయ పోయిందని మాత్రం అనుకోకు. నువ్వు తిరిగొచ్చి ఫోటోలు చూపిస్తుంటే మధ్యలో లేచి వెళ్ళిపోతాను. అయినా చూపించు.

ఈ మాట నీకు ఫోన్‌లో చెప్పేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ తెలియాల్సిన మనిషి ఇంకొకరు ఉన్నారు. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని ఈ ఉత్తరం లీల చేతికే ఇచ్చి మీ ఇంటికి పంపుతున్నాను. కవరు అంటించను. ఆటోలో చదువుకోమని చెబుతాను. షేక్‌పేటలో ఏ మొహంతో దిగుతుందో నాకు తెలియదు. పైకి రాలేక కవరు ఎవరి చేతనైనా పంపితే, రెజీనమ్మను కిందికి ఎదురు పంపు. నన్ను తిట్టాలంటే ఇద్దరూ కలిసే తిట్టుకోమను.