వారానికి పది చుక్కలు

అట్‌బాషీ,
మే నెల, మంచు కరిగే రోజులు.

బురుల్‌కు,

నీ ముసలాయన దీవించి రాసేది. ఇక్కడ మనుషులం, గొర్రెలం అందరం క్షేమం. నీ తుంటి ఎముక అతుక్కుంటోందనీ, ఆసుపత్రి వరండాలో కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశావనీ వ్యాను డ్రైవరు చెప్పాడు. ఈ వారమంతా ఆ నాలుగడుగులే నా చెవుల్లో వినిపిస్తున్నాయి. మధ్యాహ్నం కిటికీ దగ్గర కునుకు పట్టిందంటే చాలు, పొగమంచులోంచి ఉత్త కాళ్లతో నడిచొస్తావు. నీ కాళ్ల కింద గడ్డి కూడా నలగదు. "లే, గుర్రాన్ని ఎండలో కట్టేశావు" అని కసురుతావు. లేచి చూస్తే గుర్రం నిజంగానే ఎండలో ఉంటుంది.

నువ్వడిగినవాటికి జవాబులు. తెల్లావు ఈనింది, పెయ్యదూడ. కొండ మీది మేతకు ఇంకా పోలేదు. నువ్వు లేకుండా గుడారం వేస్తే వంకరగా నిలబడుతుందని అందరికీ భయం. పక్కింటి సైరా నీ పెద్ద బాణలి ఇంకా ఇవ్వలేదు. అడిగితే, "మీ ఆవిడ వచ్చి అడిగితే ఇస్తాను. నీ చేతికిస్తే సొట్టలు పెడతావు" అంది.

మన మునిమనవరాలు బెగాయిమ్ తొలి అడుగులు మొదలుపెట్టింది కదా, ఇక పడకుండా నడవాలని పోయిన ఆదివారం దానికి కాలి తాడు కోసే వేడుక చేశాం. పెద్దవాణ్ని కదా, నలుపూ తెలుపూ ఉన్ని తాడు నేనే పేని, నేనే దాని కాళ్లకు కట్టాను. పిల్లలు వాగు దగ్గర్నుంచి పరుగు పందెం పెట్టుకుని వచ్చారు. గెలిచిన పిల్ల కత్తితో తాడు కోసింది. "పడకుండా నడువు తల్లీ!" అని అందరూ అరిచారు. బెగాయిమ్ మూడడుగులు వేసి, కూలబడి, నవ్వింది. అందరూ నవ్వారు. నేను మాత్రం తాడు కట్టిన నా వేళ్లనే చూసుకుంటూ ఉండిపోయాను.

నీ ఉత్తరం చివర్లో రాశావు చూడు: "డాక్టరమ్మ నా రక్తం పరీక్ష చూసి, విటమిన్ చుక్కలు మోతాదుకు మించి తాగావంటోంది. వారానికి పదే అంటే నమ్మదు. మరిచిపోయి రోజూ తాగి ఉంటావు మామ్మా అంటుంది. ముసలాయనా, నిజం చెప్పు, నాకు మతి పోతోందా? నువ్వు దగ్గరే ఉన్నావుగా." ఆ మాట ఎన్నిసార్లు చదివానో! ఫోనులో చెబుదామంటే నీకు సరిగా వినపడదు. వినపడితే నేను చెప్పలేను.

బురుల్, నీ టీలో ఆ ఎక్కువ చుక్కలు కలిపింది నేను.

చలికాలానికి ముందు దొడ్డి దగ్గర జారిపడ్డావు కదా. దులుపుకుని నవ్వుతూ లేచావు. నా గుండె మాత్రం అక్కడే పడి ఉంది. వారానికి పది చుక్కలు ఎముకకు బలమని మన ఊరి నర్సు చెప్పింది. రోజూ పదైతే ఇంకెంత బలమో అనుకున్నాను. బజారులో ఇంకో రెండు సీసాలు కొని పిండి బస్తా వెనక దాచాను. చెబితే "నువ్వెప్పుడు డాక్టరువయ్యావు?" అంటావని చెప్పలేదు. నీ గిన్నెలో టీ ఆవిరి లేస్తుంటే, ఆ ఆవిరిలో నువ్వు పడుచుపిల్లవై గుర్రమెక్కుతున్నట్టు కనిపించేది. ఆ తర్వాత నీకు దాహం పట్టుకుంది. అన్నం సయించడం లేదన్నావు, కాళ్లు తేలిపోతున్నాయన్నావు. దాహమన్నప్పుడల్లా ఇంకో గిన్నె పోశాను. అందులోనూ చుక్కలు వేశాను. గడప దగ్గర నువ్వు పడిన రోజు పొద్దున కూడా వేశాను.

నిన్న ఎవరి సంగతో అన్నట్టు నర్సునడిగాను. ఇట్టే పట్టేసింది. "ఎంత పని చేశావు తాతా! ఎక్కువైతే అదే మనిషిని తూలిస్తుంది. కాళ్లకు రోజూ పని చెబితే కదా పడకుండా ఉండేది, ఊరికే సీసాలు ఒంపితే ఉంటారా?" అంది. తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.

నీ మీద ప్రేమతోనే చేశానని రాయడానికి సిగ్గేస్తోంది. ఈ ఉత్తరం ముందు డాక్టరమ్మకు చూపించు. నన్ను తిట్టడం తర్వాత, ముందు నీ వైద్యం సరిగా జరగాలి. వార్డులో అందరూ వినేలా చదివించు. నీ మతి నిక్షేపంలా ఉంది. నీ చేత్తో నువ్వు వేసుకున్నవి పదంటే పదే, నేను సాక్షిని.

ఇంటికొచ్చాక నా చేతి టీ తాగనంటే తాగకు. నువ్వే పోసుకో. చేతులు రెండూ నీకు కనబడేలా బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చుంటాను.

ఇట్లు,
నీ ముసలాయన
తురుస్‌బెక్