లోగోలో హంస

సదానందం అన్నా,

మన లోకల్ చానెల్ లోగో మళ్లీ మారింది. నువ్వు పోయాక రంగులు మార్చారు, అక్షరాలు మార్చారు గానీ, లోగోలో రాతి తోరణం మీద నువ్వు గీసిన హంసను ఎవరూ ముట్టుకోలేదు. నిన్న అదీ తీసేశారు. ఇప్పుడు రెండు ఇంగ్లిషు అక్షరాలు గిరగిరా తిరుగుతున్నాయి. చూడ్డానికి బాగానే ఉన్నాయి.

పొద్దున పత్తి రైతులతో మాట్లాడటానికి పరకాల వెళ్లాను. మైకు మీద కొత్త లోగో చూసి ఒక అవ్వ అడిగింది.

"మీది బాతు చానెల్ గాదా బిడ్డా? గా బాతు ఏడవోయింది?"

ఆ మాట వింటే నీకు ఒళ్లు మండేది. నిన్ను ఉడికించాలని స్టూడియోలో నేనూ దాన్ని బాతనే అనేవాణ్ణి.

ఈసారి మైకు దించి చెప్పాను.

"అది బాతు గాదవ్వా, హంస. మా అన్న గీసిండు."