నేను పురుడు పోసినవారి పౌరసత్వం రద్దు గురించి

పౌరసత్వ విచారణాధికారి గారి సముఖమునకు, తమ ఆఫీసు వెనక వీధిలో కాపురముండు మంత్రసాని వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేను పుట్టుకతో ఈ దేశస్థురాలిని కానని తమరిచ్చిన ఉత్తర్వును పూర్తిగా అమలు చేయవలసినదిగానూ, ఆ అమలు తమరితోనే మొదలుపెట్టవలసినదిగానూ కోరుట గురించి.

1. గుర్తింపు కార్డు మార్చుకొనుటకు తొమ్మిదిసార్లు తమ ఆఫీసుకు వచ్చియున్నాను. తొమ్మిదిసార్లూ వరండాలో కాలు విరిగిన బెంచీ మీదనే కూర్చుంటిని. మా నాన్న ఎక్కడ పుట్టాడని అడిగితిరి. ఆయన వంతెనలు కట్టే కూలీ. పని ఎక్కడుంటే అక్కడ షెడ్డు వేసుకునేవాడు. అలాంటి షెడ్డులోనే నేనూ పుట్టాను. వంతెన పూర్తికాగానే షెడ్డు పీకేశారు. ఆ వంతెన మీదుగానే తమరు రోజూ ఆఫీసుకు వస్తున్నారు.

2. పదకొండు రోజుల క్రిందట ఉత్తర్వు అందినది. నేను పుట్టినచోటు రుజువు కాలేదట. మా నాన్న పేరు ఈ దేశస్థుల పేరులా కనబడుట లేదట. కావున నేను ఏనాడూ పౌరురాలిని కాననియు, ఆ హోదాలో నేనిచ్చిన వాంగ్మూలములు ఏవీ చెల్లవనియు, ముప్పై రోజులలో సరిహద్దు దాటిపోవలెననియు వ్రాసినారు. అవతల నాకు ఒక్క గడప తెలియదు. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, నన్ను ఎవరింటికి పొమ్మంటారు? ఉత్తర్వు చదివిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది.

3. ఇంటి కాన్పు అయినచో, పురుడు పోసిన మంత్రసాని పౌరురాలై ఉండవలెననియు, ఆమె వేలిముద్ర ఉంటేనే బిడ్డ పుట్టుక రిజిస్టరులో ఎక్కవలెననియు తమ శాఖ రూలు. నేను వేలిముద్ర వేసిన కాన్పులు పద్నాలుగు వందల పదహారు. నా వాంగ్మూలం చెల్లనప్పుడు ఆ పద్నాలుగు వందల పదహారు మందీ ఈ దేశంలో పుట్టనట్టే. కూర్చున్న కొమ్మను నరికేవాడు కింద ఎవరున్నారని చూసుకోడు, నిజమే. తన పక్కన ఎవరు కూర్చున్నారో అయినా చూసుకోవద్దా?

4. అందులో మూడువందల రెండో కాన్పు తమరిది.

తమరు ఎదురుకాళ్లతో వచ్చారు. పేగు మెడకు చుట్టుకుని ఉంది. ఏడవలేదు. తలకిందులుగా పట్టుకుని వీపు మీద రెండు చరిచాను. ఆ రెండూ చాలలేదని ఇప్పుడు తెలుస్తోంది. మీ అమ్మ ఒళ్లు తెలిశాక, "నీ చేతుల్లో బతికాడక్కా, పేరు కూడా నువ్వే పెట్టు" అంది. అంతకు నెల ముందే మా నాన్న పోయాడు. ఆయన పేరే పెట్టాను. ఉత్తర్వులో పైన ఈ దేశస్థుల పేరు కాదన్న పేరూ, కింద తమరి సంతకమూ ఒకటే. గుమాస్తా టైపు చేసినది తమరు చదవకుండా సంతకం చేస్తారని బంట్రోతు చెబితే నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను. ఏరు దాటి తెప్ప తగలేసేవాడు కూడా ఎక్కింది తెప్ప అని ఎరుగును కదా బాబూ!

5. కావున తమరు, (అ) మొదట తమ పేరిటే ఒక నోటీసు జారీచేసి, తమరికీ ముప్పై రోజుల గడువు ఇచ్చుకొనవలెను. (ఆ) అంతవరకు కుర్చీ దిగి వరండాలో ఆ బెంచీ మీద కూర్చొనవలెను. (ఇ) బల్ల మీది పేరు పలక నాకు పంపవలెను. మా నాన్నకు బతికుండగా చెక్కముక్క మీద కూడా ఎవరూ పేరు రాయలేదు. పలక మా గోడకు కొట్టుకుంటాను.

నాకు దయ అక్కరలేదు. రూలు చాలు.

చిత్తం ఉన్నా లేకపోయినా చిత్తగించవలెను.

ఇంకా పందొమ్మిది రోజులు మాత్రమే
తమ విధేయురాలు,
మంత్రసాని

తా.క.: అర్జీ మీద పౌరులొకరు సాక్షి సంతకం చేయాలన్నది కూడా తమ రూలేనట. వీధిలో ఎవరినడిగినా తలుపు వేసుకున్నారు. నిన్న సాయంత్రం మీ అమ్మ వచ్చింది, ఈ గొడవ ఆపమని బతిమాలడానికి.

"వాడు నీ చేతుల్లో పుట్టినవాడే కదక్కా" అంది.

"అందుకే" అన్నాను.

మొత్తం చదివి వినిపించాను. మొదటి పేరా మళ్లీ చదవమంది. తర్వాత, "నిన్ను తొమ్మిదిసార్లు తిప్పాడా?" అని అడిగింది. అవునన్నాను. సిరాడబ్బా జరపమని, సాక్షి అని ఉన్నచోట తనే వేలిముద్ర వేసింది. పైన మరకలా కనిపిస్తున్నది అదే.

అర్జీ తనే తెచ్చి ఇస్తానంది. పదింటికల్లా వస్తుంది. కొడుకు ఆఫీసు కదా అని లోపలికి పిలవద్దట, ఆ బెంచీ మీదే కూర్చుంటుందట. తమరు బయటికి వచ్చి తీసుకునేదాకా లేవనంది.