ఒక్క ఇంజిన్ మీద

ప్రియమైన ఒదార్కా,

ఇక్కడ ఫోన్లు లాగేసుకున్నారు గనక కాగితమే గతి. నేను క్షేమం. హెలికాప్టర్లకు నేలమీదే మరమ్మతులు చేస్తున్నాను. శత్రువు చుట్టుముట్టిన ఊళ్లో మనవాళ్ళు నేలమాళిగల్లో చిక్కుకుపోయారు కదా, గాయపడ్డవాళ్ళను ఎగిరివెళ్ళి తెస్తున్నది కుర్రవాళ్ళు. ఈ ముసలాణ్ణి ఎవరు ఎక్కనిస్తారు? అన్నట్టు, ఇక్కడి వంటవాడు చేసే వరేనికీ కుడుములు రాళ్ళే, విసిరితే ట్యాంకులు ఆగిపోతాయి. ఎవరో విలేఖరి తీసిన నా ఫోటో పంపుతున్నాను, చూసి నిశ్చింతగా ఉండు.

నీ పనాస్

ఏమయ్యా పనాసూ,

"ప్రియమైన" అని రాయబోయి మానేశాను. ఫోటోలో ఆ గడ్డమేమిటి? ఎగరబోయే ముందు గడ్డం గీసుకుంటే కీడని మీ హెలికాప్టర్లవాళ్ళ పట్టింపు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నున్నగా ఉంటావు, ఎగిరే రోజులొస్తేనే ముళ్ళపందివవుతావు. నాకా చెబుతావు అబద్ధాలు? రెండు హెలికాప్టర్లు తిరిగి రాలేదని పొల్తావా సంతలో అందరూ అంటున్నారు. దిగిపో. దిగకపోతే నేనే వచ్చి చెవి పట్టుకుని దింపుతాను.

ఇంకా నీ భార్యనే,
ఒదార్క

ప్రియమైన ఒదార్కా,

దొరికిపోయాను. నిన్ను గూఢచారి శాఖలో పెట్టాల్సింది.

నీ తిట్లు చదివిన రోజే మళ్ళీ వెళ్ళాం. మోయగలిగినదానికంటే ఎక్కువమందిని ఎక్కించుకున్నాం. తిరుగుదారిలో, నదిమీద, రెండు ఇంజిన్లలో ఒకదాన్ని శత్రువులు పేల్చేశారు. "తాతా, బరువు తగ్గించు!" అని పైలట్ మిరోన్ అరిచాడు. పెట్టెలు, తుపాకీ, తూటాలు తగలకుండా నా సీటు కింద వేసుకున్న ఇనుపరేకు, నువ్వల్లిన స్వెటర్ (తిట్టుకో) అన్నీ నీళ్ళపాలు. అయినా కిందికి జారుతూనే ఉన్నాం. కాళ్ళు పోయిన సైనికుడొకడు తలుపు వైపు పాకుతూ, "నన్ను తోసెయ్ తాతా, మిగతావాళ్ళు బతుకుతారు" అన్నాడు.

"నోర్ముయ్ వెధవా! నిన్ను పారేసి ఖాళీ డబ్బా ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకోను?" అని కాలరు పట్టి వెనక్కి లాగి, కదలకుండా వాడి మీదే కూర్చున్నాను.

చక్రాలు నీళ్ళను తాకాయి. గట్టు దాటాం. అందరూ బతికారు. దిగేటప్పటి కుదుపుకు నా చెయ్యి విరిగింది, ఇంటికి పొమ్మంటున్నారు. నువ్వు గెలిచావు, వచ్చేస్తున్నాను.

నీ పనాస్

ప్రియమైన పనాసూ,

రావద్దు.

తిట్టాలనే కూర్చున్నాను, తిట్లు రాలేదు. ఆ నేలమాళిగల్లో ఇంకా ఎంతమంది ఉన్నారో నువ్వు రాయలేదు. ఉన్నారు గనకే రాయలేదు. నిన్ను నేలమీద కూర్చోబెట్టాలని తుపాకులు పేలుస్తున్నది ఆ శత్రువు. వాడి పని నేనెందుకు చేసిపెట్టాలి? చెయ్యి మానేదాకా కుర్రవాళ్ళకు పని నేర్పు. మానాక ఎక్కు.

ఎక్కే ముందు మాత్రం నాకు నిజం రాయి. భయపడాల్సిన పూట నన్ను భయపడనియ్యి.

నీ ఒదార్క