టమాటా సప్లై గీత దిద్దినాను

భార్గవమ్మా,

నేను మండీకి పోతాండాను. పాలు కాచిపెట్టినాను, మూత తీయొద్దు, పిల్లి తిరుగుతాండాది. కుప్పం బస్సు తప్పిపోకుండా లెయ్యి.

బల్లమీద నీ ఎకనామిక్స్ రికార్డు చూసినాను. ధర తగ్గితే టమాటా సప్లై తగ్గుతుందని గీత ఏటవాలుగా గీసుండావు. పోయిన వారం మదనపల్లెలో ధర పడిపోతే, మండీకి తెచ్చిన కాయను అమ్మకుండా వెనక్కి తీసుకుపోయిన రైతు ఒక్కడైనా ఉండాడా? ధర ఎంతైనా వచ్చిన సరుకు అంతే, అందుకే పెన్నుతో గీతను నిలువుగా దిద్దినాను. మీ సారు ఒప్పుకోకుంటే మండీకి రమ్మను. యూనివర్సిటీలో అంత చదువుతాండావు, ఇంట్లో టమాటా అమ్మే నాయన ఉండాడు గదా అని నన్ను ఒక్కసారైనా అడిగినావా?

నాయన

ఇప్పుడే అట్టమీద పేరు చూసినాను. రికార్డు నీ స్నేహితురాలు శాలినిదంట. చూసి రాసుకోను తెచ్చుకున్నట్టుండావు. ఆ పిల్లకు నువ్వే చెప్పుకో. పైవారం ఇంటికొచ్చేటప్పుడు నీది తీసుకురా, దాన్నీ దిద్దిపెడతాను.